సాఫ్‌గా వచ్చిన ఫిల్ములు

డాక్టర్ పద్మలతకు మనుషుల నోటి మీద నమ్మకం తక్కువ, ఎముకల మీద ఎక్కువ. నోరున్న మనిషికి జరిగింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి. ఎముక పాపం, దెబ్బ ఎక్కడ తగిలితే అక్కడే చూపిస్తుంది. కరీంనగర్ నుంచి బదిలీ మీద ఆదిలాబాద్‌లోని ఆ ఆస్పత్రికి వచ్చినప్పటి నుంచి ఎక్స్‌రే విభాగంలో ఆమెది ఇదే వరస. బాత్రూంలో జారిపడ్డానని చెప్పే ఆడమనిషి చేతిని తెర మీద చూసి, "జారిపడితే ఇట్ల విరగదమ్మా. మీదికొచ్చే కట్టెకు చెయ్యి అడ్డం పెడితే ఇట్ల విరుగుతది. ఎవరు కొట్టిండ్రు?" అని అడిగేస్తుంది. వెనకాల అందరూ ఆమెను సీఐడీ మేడం అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. పైకి విసుక్కుంటుంది గాని లోలోపల కొంచెం గర్వమే.

ఆ మంగళవారం పొద్దున పిల్లల డాక్టరు మమతారాణి ఫోన్ చేసింది.

"పద్మా, పది నెలల పొల్ల. బోథ్ దిక్కు ఊరు. ఫిట్స్ వచ్చినయని తెచ్చిండ్రు. మంచం మీదికెళ్లి పడ్డదట. సీటీల మెదడు చుట్టూ పల్చగ నెత్తురు కనవడ్తంది. ఎమ్మారై తీస్తవా?"

"మంచం ఎంత ఎత్తుంటదట?"

"నువ్వు గదే అడుగుతవని నాకెర్కనే. మోకాలెత్తు. ఇంకోటి, కడుపు మీద చుర్కలున్నయి. ఇంకా పచ్చిగనే ఉన్నయి."

పసిపిల్లకు ఏదైనా జబ్బు చేస్తే పసుపుకొమ్మును కాల్చి పొట్ట మీద అంటించడం ఆ పక్క ఊళ్ళలో ఇంకా పోలేదు. ఆ వాతలనే చుర్కలంటారు. ఆ మచ్చలు చూస్తే ఏ డాక్టరుకైనా ఒళ్ళు మండుతుంది. పద్మలతకు మరీ మండుతుంది.

పాపను నాయనమ్మ ఎత్తుకుని తెచ్చింది. పేరు ఐలవ్వ. మోచేతి దాకా పచ్చబొట్లు, పత్తి ఏరి ఏరి పగిలిన వేళ్ళు. ఆమె వెనక కొడుకు శ్యాంసుందర్. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట, కాగితాలన్నీ ఒక కవరులో వరసగా పెట్టుకున్నాడు. దసరాకు దుబాయి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అతని వెనక భార్య ప్రవళిక. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, ఏమడిగినా మొగుడి మొహం చూస్తోంది.

"చుర్కలెవరు పెట్టిండ్రు?" పద్మలత మొదటి ప్రశ్న అదే.

"నేనే," అంది ఐలవ్వ.

తల దించుకోలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చేసిన పనికి సిగ్గు లేదు చూడు ఈమెకు, అనుకుంది పద్మలత.

ఎమ్మారై గదిలోకి ఏ లోహపు ముక్కా పోకూడదు. టెక్నీషియన్ లింగమూర్తి పాప మొలతాడుకున్న రాగి తాయెత్తు చూసి కత్తెర తీశాడు. ఐలవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "కోయకు బిడ్డా, జర ఆగు," అని వంగి, ముడిని పళ్ళతో విప్పి, తాయెత్తును తన కొంగున కట్టుకుంది. చిన్న ముడి అది, చాలాసేపు పట్టింది. పద్మలత గడియారం చూసుకుంటూ నిలబడింది. పొట్ట కాల్చడానికి లేని జాలి తాడు కోయడానికి వచ్చిందా అని ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

మత్తు డాక్టరు మందిచ్చాక పాపను దుప్పట్లో చుట్టి, తలకు రెండు పక్కలా నురుగు దిండ్లు పెట్టి లోపలికి పంపారు. యంత్రం టకటకమని మొదలైంది. మెదడు బొమ్మలు అయిపోగానే లింగమూర్తి కుర్చీలోంచి లేవబోయాడు.

"దించుదునా మేడం?"

"వద్దు. మెడ నుంచి కింది దాకా వెన్ను మొత్తం తియ్యి."

"చిట్టీల మెదడే రాసిండ్రు మేడం."

"మమతకు నేను చెప్త. పసిపిల్లలకు తల బరువు, మెడకు బలం ఉండదు. ఎవరన్నా పట్టుకోని ఊపిండ్రనుకో, దెబ్బ తలల ఒక్కదాంట్లనే ఆగది. మనం తల చూసి మూసేస్తం, మెడ సంగతి ఎవ్వరు అడగరు."

వెన్ను బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. తేమ ఎక్కడుంటే అక్కడ తెల్లగా చూపించే బొమ్మలు అవి. మెడ వెనక, పూసకూ పూసకూ మధ్య పట్టి ఉంచే కట్లు నల్లగా ఉండాలి. అవి పై నుంచి వరసగా తెల్లగా మెరుస్తున్నాయి. సాగి, చిట్లి, వాచిన కట్లు. ఇంకా కిందికి పోతే నడుము దగ్గర, వెన్నుగొట్టం లోపల పల్చగా నెత్తురు చారిక.

లింగమూర్తికి ఇద్దరు ఆడపిల్లలు. అతను తెర మీంచి కళ్ళు తిప్పుకున్నాడు.

"మోకాలెత్తు మంచం గింత పని చెయ్యదు," అంది పద్మలత. "ఎవరో చేసిండ్రు."

ఎవరు అన్నది అప్పటికే ఆమె మనసులో సగం తేలిపోయింది.

మరునాడు పాపకు ఒళ్ళంతా ఎక్స్‌రేలు తీయాలని పట్టుబట్టింది కూడా పద్మలతే. పాత దెబ్బలేమైనా ఉంటే అవీ బయటపడాలి. ఎమ్మారైకి మత్తు ఉంటుంది గాని ఎక్స్‌రేకు ఉండదు, ఎవరో ఒకరు సీసపు కోటు తొడుక్కుని పిల్లను కదలకుండా పట్టుకోవాలి. మెడకు మెత్తటి కాలరు కట్టి ఉంది. మొదట ఐలవ్వ పట్టుకుంది. ఆ కోటు బరువుకు ముసలామె ముందుకు వంగిపోయింది.

పాప ఏడుపు మొదలుపెట్టింది. మామూలు ఏడుపు కాదు, వరండాలో ఉన్న రోగులు కూడా తొంగి చూసేటంత ఏడుపు. కాళ్ళు తన్నుకుంది, చేతులు ఆడించింది. "నా తల్లి, నా బంగారి, అయిపాయె, అయిపాయె," అంటూ ఐలవ్వ గొణుగుతూనే ఉంది. లింగమూర్తి మళ్ళీ మళ్ళీ మీట నొక్కాడు. ప్రతి బొమ్మా చెదిరిపోయి వచ్చింది. ఒకదాంట్లో ముసలామె చెయ్యి కూడా పడింది.

"ఇట్లయితె కాదు మేడం. ఊకెనే పిల్లకు ఎక్స్‌రే దెబ్బ. ఇంకెవరినన్న పిలువుండ్రి."

శ్యాంసుందర్ వచ్చాడు. కోటు తొడుక్కుని, చొక్కా చేతులు మడిచి, పాప భుజాలు పట్టుకున్నాడు. పాప ఏడుపు ఆగింది. ఇక కదల్లేదు. చెయ్యి ఎలా పెడితే అలా ఉంది, కాలు ఎలా చాపితే అలా ఉంది. ఫిల్ములన్నీ ఒక్క దెబ్బకు అయిపోయాయి. తెర మీద ఒక్కో ఎముక అద్దంలో చూసినట్టు వచ్చింది.

"ఏం సాఫ్ వచ్చినయి మేడం," అన్నాడు లింగమూర్తి. "నాయన పట్టుకుంటె పొల్ల ఎంత బుద్ధిగ ఉన్నదో చూడుండ్రి."

"నాకు బాగ అలవాటు సార్," అన్నాడు శ్యాంసుందర్ నవ్వి. "నేనొస్తె ఊకుంటది."

పద్మలతకు మంచి ఫిల్ము అంటే ప్రాణం. చెదిరిన బొమ్మలతో కళ్ళు పోగొట్టుకునే ఉద్యోగంలో అలాంటివి చేతికిచ్చిన మనిషి మీద ఆమెకు ఒకలాంటి అభిమానం కలిగింది. వీపు వైపు రెండు పక్కటెముకలు విరిగి, అతుక్కుంటున్న గుర్తులు వాటిలో స్పష్టంగా కనిపించాయి. వారాల కిందటి దెబ్బలు అవి. మెడ దెబ్బ కొత్తది. ఒక్కసారి జరిగింది కాదన్నమాట.

వరండాలో శ్యాంసుందర్ ఆమె వెనకే వచ్చాడు. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు కవరు అంచులు సర్దాడు.

"అవ్వ గురించి నేను చెప్పుడు మంచిగుండది మేడం. గాని పొల్ల పానం ముఖ్యం గద. అవ్వది జర మొరటు చెయ్యి. నీళ్ళు పోసినంక కాళ్ళు పట్టుకోని తలకిందులు చేసి ఊపుతది. నడుం సాఫ్ అయితదంటది. ఎన్నిసార్లు వద్దన్ననో."

పద్మలతకు ఆ పద్ధతి తెలుసు. కరీంనగర్‌లో తన చిన్నప్పుడు మంత్రసాని చేసేది, నూనె రాసి నీళ్ళు పోశాక పసిగుడ్డును మడమలు పట్టి వేలాడదీసి అటూ ఇటూ ఊపేది. మెడ కట్లు సాగడం, నడుములో నెత్తురు, పట్టుకున్న చోట పక్కటెముకలు. ముక్కలన్నీ ఒక్కచోటికి వచ్చి కూర్చున్నాయి. పైగా చుర్కలు ఉండనే ఉన్నాయి. తన అనుమానం నిజమైనప్పుడు కలిగే తృప్తి ఆమెకు కలిగింది.

రిపోర్టులో దెబ్బలు రాసింది. అంతటితో ఆగవలసింది. కింద ఇంకో మాట చేర్చింది, స్నానం తర్వాత నాయనమ్మ ఊపడం వల్ల జరిగి ఉండవచ్చునని. బాలల రక్షణ విభాగం నుంచి వచ్చిన అధికారి రమ ఆ మాటే పట్టుకుంది. ఐలవ్వను పిలిచి అడిగింది.

"నువ్వేనా అవ్వా ఊపింది?"

ఐలవ్వ కొడుకు వంక చూసింది. కోడలి వంక చూసింది. తర్వాత నేల చూసింది.

"ఏం రాసుకుంటవో రాసుకో బిడ్డా," అంది.

తప్పు చేసిన మనిషి కాకపోతే ఆ మాట ఎందుకంటుంది? పద్మలత అక్కడే ఉంది, ఆమెకు రవ్వంత కూడా జాలి కలగలేదు. ముసలామెను వార్డులోకి రానివ్వొద్దని గేటు దగ్గర చెప్పారు. కేసు సంగతి తర్వాత చూస్తామని, పాప కాస్త కోలుకోగానే ఐలవ్వ ఆ ఇంటి గడప తొక్కకుండా మాట తీసుకుని తల్లిదండ్రులకు అప్పగించాలని నిర్ణయమైంది.

శనివారం పాపను ఇంటికి పంపే రోజు. పంపే ముందు మెడ పూసలు వరసలో ఉన్నాయో లేదో ఇంకొక్క ఎక్స్‌రే కావాలంది మమతారాణి. శ్యాంసుందర్ మందులు తేవడానికి బయటికి పోయాడు. ప్రవళిక పట్టుకుంది. పాప గుక్కపెట్టి ఏడ్చింది, బొమ్మ చెదిరిపోయింది. నర్సు పట్టుకుంది. అదే ఏడుపు. పద్మలతే సీసపు కోటు తొడుక్కుని వంగి పట్టుకుంది. ఆమె మొహం చూసి పాప ఇంకా గట్టిగా అరిచింది.

"అందరి చేతులల్ల ఏడుస్తది మేడం," అన్నాడు లింగమూర్తి చెమట తుడుచుకుంటూ. "వాళ్ళ నాయన రావాలె. సాఫ్ కావాల్నంటె ఆయన ఒక్కడే."

"పిలువు మరి," అనబోయింది పద్మలత.

మెడ కట్లు చిట్లిన పిల్ల. పక్కటెముకలు విరిగిన పిల్ల. చెయ్యి వేస్తే నొప్పి. ఎవరు పట్టుకున్నా ఏడవాలి. ఏడవడమే సరైనది. మరి ఒక్కడి చేతిలో ఎందుకు ఏడవదు?

ఆమె కోటు విప్పకుండానే తెర ముందు కూర్చుని బుధవారం బొమ్మల్లో రెండు పక్కపక్కన తెరిచింది. చెదిరిందని తోసేసిన బొమ్మ ఒకటి, మెచ్చుకున్న బొమ్మ ఒకటి. చెదిరిన దాంట్లో ముసలామె బొటనవేలు ఎముక పొరపాటున పడి ఉంది, వేలికి ఇత్తడి ఉంగరం తెల్లగా కనబడుతోంది. ఆ వేలి చుట్టూ పాప వేళ్ళు. సన్నని చిన్న ఎముకలు, ఏడుస్తూ కూడా గట్టిగా పట్టుకుని ఉన్నాయి. సాఫ్‌గా వచ్చిన దాంట్లో పాప రెండు పిడికిళ్ళూ బిగించి ఉంది. దేన్నీ పట్టుకోలేదు. భుజాలు చెవుల దాకా ఎత్తుకుంది. ఆ బొమ్మను ఆమె ఇప్పటికి పదిసార్లు చూసి ఉంటుంది. పక్కటెముకలే చూసింది.

"లింగమూర్తీ, ఆయన వచ్చిండా చూడు. వస్తే లోపలికి పంపు. కాని నువ్వు మీట నొక్కకు."

సీసపు అద్దం వెనక నిలబడి చూసింది. తల్లి ఒళ్ళో పాప ఇంకా ఏడుస్తూనే ఉంది. తలుపు బయట చెప్పుల చప్పుడయింది. "ఏమైంది, మళ్ళ మొదలు పెట్టిందా?" అన్న గొంతు వినబడింది. అంతే. నడుమనే తెగినట్టు ఏడుపు ఆగిపోయింది. మనిషి ఇంకా లోపలికి రానే లేదు. పాప నోరు తెరిచే ఉంది, చప్పుడు లేదు. పిడికిళ్ళు మెల్లగా బిగుసుకున్నాయి. ప్రవళిక చున్నీ కొస నోట్లోకి పోయింది.

శ్యాంసుందర్ లోపలికి వచ్చి పాపను అందుకుని అద్దం వైపు చూసి నవ్వాడు. "చెప్పిన గద మేడం. నేనొస్తె ఊకుంటది."

పద్మలత సీసపు కోటు విప్పి పక్కన పెట్టింది. మొన్న ఇదే చూసి ఈ మనిషిని మెచ్చుకుంది తాను.

"మెషిన్ సతాయిస్తంది," అంది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని. "కొంచెం ఆగుండ్రి. వార్డుల కూర్చోండ్రి."

గేటు బయట చాయ్ బండి పక్కన, సిమెంటు దిమ్మె మీద ఐలవ్వ కూర్చుని ఉంది. రానివ్వరని తెలిసి కూడా ఊరికి పోలేదు. కొంగున తాయెత్తు ముడి అలాగే ఉంది. పద్మలత వచ్చి పక్కన కూర్చుంది. ముసలామె లేవబోతే చెయ్యి పట్టి ఆపింది.

"అవ్వా, పాపను ఇయ్యాల ఇంటికి పంపుతుండ్రు."

"మంచిది."

"మీ కొడుకు తోటి."

ఐలవ్వ నోటి దాకా ఎత్తిన చాయ్ గ్లాసును దించింది.

"పాప మెడకు దెబ్బ తాకినప్పుడు నువ్వు ఇంట్ల ఉన్నవా?"

ఉట్నూర్ పోయే జీపు ఒకటి మనుషులను ఎక్కించుకుంటూ చాలాసేపు హారన్ కొట్టింది. అది పోయేదాకా పద్మలత కూర్చునే ఉంది.

"నాతోటి ఏం చెప్పియ్యాల్నని వచ్చినవ్ డాక్టరమ్మా," అంది ఐలవ్వ చివరికి. "వాడు నా కడుపుల పుట్టినోడు."

"తెలుసు. నువ్వు చెప్పకున్నా నాకు అర్థమైంది. గాని నా ఒక్క మాట చాలదు. మొన్న నీ మీద రాసింది నేనే. తప్పు రాసిన. ఇయ్యాల వచ్చి కాదంటె, పిల్ల ఏడుస్తలేదు గాబట్టి ఆపుండ్రంటె, ఎవరు ఆపుతరు?"

ముసలామె చాయ్ కింద పారబోసింది. గ్లాసు దిమ్మె మీద బోర్లించింది.

"భైంసల మా చిన్నబిడ్డ కాన్పుకు పోయిన. నెల మీదనే అయ్యింది. ఫిట్స్ వచ్చిన దినమే పొద్దుగాల బస్సు దిగిన. నేను పోయేటప్పుడు పొల్ల నా ఎంబడి పారాడుకుంట వాకిట్లకు వచ్చి ఒకటే ఏడుపు. వచ్చేవరకు మంచంల ఉన్నది. కండ్లు తెరిచే ఉన్నయి. పిలిస్తె నా దిక్కు మర్రలే. ఎత్తుకుంటె మెడ నిలుస్తలేదు. ఏడ్వలే డాక్టరమ్మా. నన్ను చూసి ఏడ్వలే. ఏడుపొస్తె బతుకుతదని చుర్కలు పెట్టిన. అప్పుడు గూడ ఏడ్వలే. ఫిట్స్ వచ్చినయి. చంకల వేసుకోని రోడ్డు మీదికి ఉరికిన. వాడు బండి తీసుకోని నా ఎనుక వచ్చిండు, దవాఖానల ఏం చెప్పాల్నో తొవ్వల చెప్పిండు."

"చుర్కలు పెట్టుడు తప్పు అవ్వా."

"తప్పే. దానికి ఏం శిక్ష వేసినా వేయుండ్రి."

"ఆ తలకిందులు ఊపుడు?"

"పురిటి నీళ్ళప్పుడు ఊపిన. అయిదు నెలలకెళ్లి అది తానే కూసుంటంది, ఎవలు ఊపుతరు?" ఐలవ్వ పగిలిన వేళ్ళను చూసుకుంది. "వానికి ఏడుపు పడది. దుబాయికెళ్లి వచ్చినకాడికెళ్లి మరీను. పొల్ల ఏడిస్తె పండ్లు కొరుక్కుంటుండె. నేనున్నన్ని దినాలు వాని చేతికి ఇయ్యలే. ఏడుపు మొదలుకాంగనే బయటికి ఎత్తుకపోతుంటి. బిడ్డ కాన్పు అన్నరు, పోయిన. పోకుంటె గిట్ల కాకపోవు."

పద్మలత లేచి నిలబడింది. వచ్చి ఈ మాటే చెప్పమని అడగడానికి ఆమెకు నోరు రాలేదు, ఒక తల్లిని ఏమని అడుగుతుంది. రెండడుగులు వేసింది. వెనక మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేస్తున్న చప్పుడు వినబడింది.

వార్డులో రమ కాగితాలు సిద్ధం చేసి కూర్చుంది. శ్యాంసుందర్ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మెడకు కాలరు, నెత్తి మీద కొత్త టోపీ. పాప కదలకుండా ఉంది. "చూడుండ్రి, ఎంత హుషారుగ ఉన్నదో మా పొల్ల," అంటున్నాడు. ప్రవళిక సంచి సర్దుతోంది.

ఐలవ్వ నేరుగా కొడుకు ముందుకు వచ్చి రెండు చేతులూ చాపింది.

"పొల్లనియ్యి."

"అవ్వా, నిన్ను రావద్దన్నరు గద." అతను నవ్వుతూనే రమ వైపు తిరిగాడు. "మేడం, చూడుండ్రి."

రమ లేవబోయి పద్మలతను చూసింది. "ఇవ్వనియ్యుండ్రి," అంది పద్మలత. "నేను రాసిందాంట్ల చివరి మాట తప్పు. దెబ్బలు నిజమే. ఎవరు చేసిండ్రో నాకు ఎక్స్‌రేల కనవడలేదు. కనవడ్డట్టు రాసిన."

శ్యాంసుందర్ నవ్వు పోయింది. ఐలవ్వ అతని జవాబు కోసం ఆగలేదు. ఒక అరచెయ్యి పాప మెడ కిందికి, ఒకటి నడుము కిందికి పెట్టి మెల్లగా తన మీదికి తీసుకుంది.

"నేను ఊర్ల లేను బిడ్డా," అంది రమతో, కొడుకు మొహం చూడకుండా. "భైంసల ఉన్న. నెల మీదనే ఉన్న. నేను లేంది చూసి అయినయి గీ దెబ్బలు. రాసుకో. ఇంట్ల ఉన్నది వాడు."

"అవ్వా, ఏం మాట్లాడుతున్నవ్," అన్నాడు శ్యాంసుందర్. గొంతు మెత్తగా లేదు.

రమ ప్రవళిక వైపు చూసింది. ప్రవళిక అలవాటుగా మొగుడి వైపు చూడబోయి, నడుమనే ఆగి, పాపను చూసింది. చున్నీ నోటి మీంచి జారిపోయింది.

"అత్తమ్మ లేకుండె," అంది. ఇన్ని రోజుల్లో ప్రవళిక గొంతు పద్మలత వినడం అదే మొదలు. "ఆయనే మేడం."

రమ కాగితాలు మళ్ళీ ఫైల్లో పెట్టి, గేటు దగ్గరి పోలీసును పిలవమని నర్సుకు సైగ చేసింది. శ్యాంసుందర్ ఏదో అంటూనే ఉన్నాడు, కవరులోంచి ఒక్కో కాగితం తీసి చూపిస్తున్నాడు. ఎవరూ అందుకోలేదు.

ఐలవ్వ భుజం మీద పాప కాసేపు అలాగే ఉంది. తర్వాత పిడికిలి విడింది. ముసలామె బొటనవేలును వెతికి పట్టుకుంది. కింది పెదవి వంకర పోయింది. అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు. వార్డు వార్డంతా తిరిగి చూసేటంత ఏడుపు. అవతలి మంచంలో ఇంకో పిల్ల కూడా లేచి ఏడవసాగింది.

కబురు తెలిసి వచ్చిన లింగమూర్తి గుమ్మంలో ఆగి, "ఊకుండవెట్టు అవ్వా, పిల్లలు లేస్తుండ్రు," అన్నాడు.

"ఏడవనియ్యి," అంది పద్మలత.

ఐలవ్వ కొంగు ముడి విప్పి, తాయెత్తును ఒక చేత్తోనే పాప మొలకు కట్టడానికి చూస్తోంది. కుదరడం లేదు. పద్మలత వంగి ఆ తాడు కొస పట్టుకుంది.